కాంపాక్ట్ కెమెరా కొంటున్నారా? ముందు బొటనవేలితో పరీక్షించండి

కాంపాక్ట్ కెమెరా కొందామనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఎన్ని మెగాపిక్సెళ్ళు ఉండాలని. ఆ తర్వాత జూమ్ ఎంత ఉండాలని. ఈ రెండూ పెట్టె మీదే రాసి ఉంటాయి, వాటికి నేనెందుకు? పెట్టె మీద రాయనిది ఒకటుంది. ఎదురుగా జరుగుతున్నదాని మీంచి చూపు తిప్పకుండా, కెమెరాలో మీకు కావలసిన మార్పు మీ వేళ్ళు చేయగలవా లేదా అన్నది. అది కుదరకపోతే కొన్ని నెలల్లో ఆ కెమెరా బీరువాలోకి వెళ్తుంది, మీరు మళ్ళీ ఫోనే తీస్తారు.

నేను శ్రీకాకుళంలో ఉంటాను, హైస్కూల్లో సోషల్ చెబుతాను. సెలవురోజుల్లో పొందూరు, బుడితి లాంటి ఊళ్ళకి వెళ్ళి చేతిపనులు చేసేవాళ్ళ ఫోటోలు తీస్తాను. పెద్ద కెమెరా బయటికి తీస్తే నూలు వడుకుతున్న మామ్మ రాట్నం ఆపేసి, కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంటుంది. అరచేతిలో ఇమిడేదైతే కాసేపటికి దాన్ని మర్చిపోయి తన పనిలో పడిపోతుంది. అందుకే నాకు కాంపాక్టే కావాలి. దాన్ని ఎంచుకునేటప్పుడు నేను ఏమేం చూస్తానో, ఎలా చూస్తానో వివరంగా రాస్తున్నాను. విశాఖలో కొట్టుకెళ్ళి చూసినా, ఆన్‌లైన్‌లో తెప్పించుకుని వాపసు గడువు లోపల చూసినా, ఎవరి దగ్గరైనా సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటున్నా ఇవే పరీక్షలు.

ముందు ఆన్ చేయకుండానే చేతిలోకి తీసుకోండి. కుడి చేత్తో మాత్రమే. చూపుడు వేలు షట్టర్ బటన్ మీదికి దానంతట అదే వెళ్ళాలి. బొటనవేలు వెనక ఎక్కడ ఆనుతోందో చూడండి. అక్కడ ఖాళీ స్థలం గానీ, చిన్న రబ్బరు దిమ్మ గానీ ఉంటే మంచిది. బటన్ ఉంటే మాత్రం అది మీకు తెలియకుండా నొక్కుకుపోతుంటుంది. చాలా కాంపాక్టుల్లో ఎర్ర చుక్క ఉన్న వీడియో బటన్ సరిగ్గా బొటనవేలి కింద పెడతారు. నా చేతులు చిన్నవి కాబట్టి నాకు సరిపోయిన కెమెరా మా తమ్ముడి చేతిలో ఇబ్బంది పెడుతుంది. వాడి బొటనవేలు సగం స్క్రీన్ మీదే ఉంటుంది. కాబట్టి రివ్యూలో ఎవరో ‘పట్టు బాగుంది’ అన్నారని కొనకండి. మీ చేతికి ఎలా ఉందో మీ చేయే చెప్పాలి.

ఇప్పుడు ఆన్ చేయండి. అన్నిటికంటే ముందు చూడాల్సింది ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. ప్లస్, మైనస్ గుర్తులతో ఉండేది, ఫోటోని మనకి కావలసినంత వెలుతురుగానో చీకటిగానో మార్చేది. నన్నడిగితే కాంపాక్ట్ కెమెరాలో మిగతా కంట్రోళ్ళన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. అపర్చర్ (లెన్సు ఎంత తెరుచుకోవాలన్నది), షట్టర్ స్పీడ్ (ఎంతసేపు తెరిచి ఉండాలన్నది) సంగతి కెమెరాకి వదిలేసినా చాలాసార్లు పని నడుస్తుంది. ఎంత వెలుతురు ఉండాలన్నది మాత్రం కెమెరాకి తెలియదు.

ఎందుకు తెలియదో పొందూరులో అయితే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. అక్కడి ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. దవడకున్న సన్నని పళ్ళు దువ్వెన పళ్ళకంటే దగ్గరదగ్గరగా ఉంటాయి. మామ్మ ఎడమ చేతిలో చిటికెడు పత్తి పట్టుకుని, కుడి చేతిలో దవడతో గింజ మీది పోగుల్ని ఒకే వైపుకి దువ్వుతుంది. ఒళ్ళో తెల్లని దూది కుప్ప, ఒంటి మీద తెల్ల ఖద్దరు చీర, పక్కన వడికిన తెల్ల నూలు. ఇక్కడ కెమెరాని ఆటోలో పెట్టి నొక్కితే దూది బూడిద రంగులో వస్తుంది. ఎదుట ఏమున్నా సగటున అది మధ్యరకం బూడిద రంగేనని కెమెరా మీటరు అనుకుంటుంది. అన్నీ తెల్లగా ఉంటే ‘వెలుతురు ఎక్కువైంది’ అని తగ్గించేస్తుంది. మనం ప్లస్ వైపు ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు), కొన్నిసార్లు ఒకటిన్నర దాకా తిప్పాలి. అప్పుడు దూది దూదిలా, మామ్మ చేతి ముడతలు ముడతల్లా కనిపిస్తాయి. నల్లరాతి విగ్రహం, చీకటి గదిలో ఒక్క దీపం లాంటివైతే దీనికి తిరగబడుతుంది, మైనస్ వైపు తిప్పాలి.

పరీక్ష సులువు. తెల్ల తువ్వాలో, దిండు గలీబో మంచం మీద పరిచి దాని మీద ఒక చిన్న వస్తువు పెట్టండి. కెమెరా కంటికెదురుగా పట్టుకుని, చేతిలో పట్టు మార్చకుండా, వెలుతురుని ఒక స్టాప్ పెంచండి. సాధారణంగా ఒక్కో గుర్తూ మూడోవంతు స్టాప్ కాబట్టి మూడు గుర్తులు జరగాలి. ఈ పని ఎన్ని నొక్కుళ్ళలో అయింది? దానికోసం స్క్రీన్ మీద అక్షరాలు చదవాల్సి వచ్చిందా? బొటనవేలు తిప్పగానే అయిపోతే ఆ కెమెరాకి నా దగ్గర సగం మార్కులు పడిపోయినట్టే. ఒక బటన్ నొక్కి ఆ తర్వాత చక్రం తిప్పాల్సి వస్తే ఫర్వాలేదు. మెనూ తెరిచి వెతుక్కోవాల్సి వస్తే దాన్ని అక్కడే పెట్టేయండి.

ఈ విషయంలో ఒక్కో కంపెనీది ఒక్కో దారి. కానన్ జీ7 ఎక్స్ వరుసలో మోడ్ డయల్ (ఆటో లాంటి మోడ్‌లు మార్చే చక్రం) కిందే ప్లస్ 3 నుంచి మైనస్ 3 దాకా అంకెలు చెక్కిన చక్రం ఉంటుంది. బొటనవేలితో తిప్పడమే. ఫ్యూజీ ఎక్స్100 వరుసలోనూ పైభాగాన దీనికో డయల్ ఉంది. ఇలాంటి వాటిలో ఇంకో సుఖం ఉంది: కెమెరా ఆఫ్‌లో ఉన్నా ఎంత మీద పెట్టి ఉందో కంటికి కనిపిస్తుంది. సోనీ ఆర్ఎక్స్100లో అయితే వెనకున్న చక్రాన్ని కింది వైపు నొక్కి, తర్వాత తిప్పాలి. లేదా లెన్సు చుట్టూ ఉన్న రింగుకి ఈ పని అప్పగించుకోవచ్చు. 2012లో వచ్చిన మొదటి ఆర్ఎక్స్100 ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతూనే ఉంటుంది. అందులో ఫోటో నాణ్యత ఈరోజుకీ చక్కగా ఉంటుంది, కంట్రోళ్ళు మాత్రం మీకు నచ్చాలి.

రింగు మాట వచ్చింది కాబట్టి దాని సంగతి కూడా. లెన్సు చుట్టూ తిరిగే కంట్రోల్ రింగుని చిన్న కెమెరాల్లో బాగా అలవాటు చేసింది 2009లో వచ్చిన కానన్ పవర్‌షాట్ ఎస్90. తర్వాత అందరూ పెట్టారు. ఎడమ చేయి ఎలాగూ లెన్సు దగ్గరే ఉంటుంది కనక ఆలోచన మంచిదే. రింగు తిప్పుతున్నప్పుడు ‘టిక్ టిక్’మని ఆగుతూ తిరుగుతోందా, నున్నగా జారుతోందా చూసుకోండి. సోనీ ఆర్ఎక్స్100లో రింగు నున్నగా తిరుగుతుంది. మాన్యువల్ ఫోకస్‌కి అది బాగుంటుంది గానీ, అపర్చర్ మార్చడానికైతే ఎంత తిప్పామో వేలికి తెలియదు, స్క్రీన్ చూడాల్సిందే. జీ7 ఎక్స్ మార్క్ 2లో ఒక చిన్న లీవర్ పెట్టారు. టిక్కులు కావాలంటే ఉంటాయి, వద్దంటే పోతాయి. పనిచేసేవాడి వేలిని ఎవరో కూర్చుని గమనించారని అలాంటివి చూస్తే అనిపిస్తుంది.

టిక్కులున్న రింగుకైనా చక్రానికైనా కళ్ళు మూసుకుని ఒక పరీక్ష చేయండి. అపర్చర్ ఎఫ్/4 దగ్గర పెట్టి (ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది), కళ్ళు మూసుకుని, మూడు టిక్కులు తిప్పి, కళ్ళు తెరవండి. మూడోవంతు లెక్కన సరిగ్గా ఎఫ్/5.6 రావాలి. ఎటు తిప్పితే పెరుగుతుందో కూడా చూడండి. మీ అలవాటుకి ఎదురు దిక్కైతే మెనూలో మార్చుకునే వీలుందో లేదో అడగండి.

ఇక షట్టర్ బటన్. ఇది రెండు అంచెలుగా దిగుతుంది. సగం నొక్కితే ఫోకస్ పడి ఆగుతుంది, చాలా కెమెరాల్లో వెలుతురు లెక్క కూడా అక్కడే ఆగుతుంది. పూర్తిగా నొక్కితే ఫోటో పడుతుంది. ఆ సగం దగ్గర చిన్న ఆగుడు వేలికి స్పష్టంగా తెలియాలి. తెలియకపోతే ఫోకస్ పట్టుకుందామని నొక్కినప్పుడల్లా అక్కర్లేని ఫోటో పడిపోతుంది. కొన్నిటిలో ఆ ఆగుడు మరీ గట్టిగా ఉండి, దాన్ని దాటేటప్పుడు కెమెరా మొత్తం కిందికి ఊగుతుంది. చీకటి గదిలో, 1/15 సెకను లాంటి స్పీడుల్లో ఆ ఊపు ఫోటోలో కనిపిస్తుంది. స్పీడు అక్కడ పెట్టుకుని గోడ మీది క్యాలెండరుని వరసగా కొన్ని తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి తేదీల అంచులు చూడండి. అంకెలు పైకీ కిందికీ చెదిరితే బటన్ బరువుగా ఉందని అర్థం. పక్కకి చెదిరితే పట్టు సరిగ్గా లేదు.

నొక్కిన క్షణానికీ ఫోటో పడిన క్షణానికీ మధ్య ఎంత ఆలస్యం ఉందో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఫోన్లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి టేబుల్ మీద నిలబెట్టండి. కెమెరాతో దాన్నే చూస్తూ, సరిగ్గా 5 సెకన్లు పడగానే నొక్కుదామని ముందే అనుకుని నొక్కండి. ఫోటోలో 5.10 కనిపిస్తే మంచిది, 5.60 ఉంటే కష్టం. ఇది రెండు రకాలుగా చేయాలి. మొదటిసారి బటన్ ముందే సగం నొక్కి ఉంచుకుని, రెండోసారి ఏమీ నొక్కకుండా ఒకేసారి పూర్తిగా. రెండింటికీ మధ్య తేడా ఫోకస్ పట్టుకోవడానికి కెమెరా తీసుకున్న సమయం. ఇదే పరీక్ష రాత్రి ఒక్క బల్బు వెలుతురులో మళ్ళీ చేయండి. పగటి పూట చురుగ్గా ఉన్న కెమెరా రాత్రి లెన్సుని ముందుకీ వెనక్కీ తోలుతూ వెతుక్కుంటుంది. కొట్లో ట్యూబులైట్ల వెలుగులో చూసినవాళ్ళకి ఇది తెలిసే అవకాశం లేదు.

ఈ ఆలస్యాన్ని దాటవేసే దారి ఒకటుంది, దాన్ని నేను చాలా వాడతాను: ఫోకస్‌ని ముందే ఒక దూరానికి కట్టేయడం. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవానికి వెళ్ళేవాళ్ళకి ఇది ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు. దసరా వెళ్ళిన మంగళవారం, మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఇసకేస్తే రాలనంత జనం. సిరిమాను అనే పొడవాటి చెట్టు మాను చివర పూజారి ఎత్తున కూర్చుని ఉంటారు, మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ముందున్నవాళ్ళ చేతులు, ఫోన్లు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న నాన్నలు. కెమెరా ఎవరి చెయ్యి అడ్డొస్తే దాని మీద ఫోకస్ పెడుతుంది. ఇక్కడ ఆటో ఫోకస్‌ని నమ్ముకోకూడదు.

కాబట్టి కొనేటప్పుడే మాన్యువల్ ఫోకస్‌లోకి ఎలా వెళ్ళాలో, స్క్రీన్ మీద దూరం మీటర్లలో కనిపిస్తోందో లేదో చూడండి. ఒక అంగుళం సెన్సరు (వెలుతురుని పట్టే చిప్) ఉన్న కెమెరాలో జూమ్ పూర్తిగా వెనక్కి లాగి, అపర్చర్ ఎఫ్/5.6 పెట్టి, ఫోకస్ మీటరున్నర దగ్గర ఉంచితే దాదాపు ముప్పావు మీటరు నుంచి దూరాన ఉన్న కోట బురుజు దాకా అంతా స్పష్టంగానే వస్తుంది. ఇక ఫోకస్ కోసం ఆగక్కర్లేదు, నొక్కడమే. రికో జీఆర్ వరుసలో ఈ పనికే స్నాప్ ఫోకస్ అని ఒకటి పెట్టారు. సగం దగ్గర ఆగకుండా బటన్ ఒక్కసారిగా పూర్తిగా నొక్కితే కెమెరా వెతుక్కోకుండా మనం ముందే చెప్పిన దూరానికి వెళ్ళి ఫోటో తీసేస్తుంది. జీఆర్‌లో జూమ్ లేదు, జీఆర్ 3లో ఫ్లాష్ కూడా లేదు. అయినా ఒంటి చేత్తో వాడటానికి అంత బాగా కుదిరిన చిన్న కెమెరా నేను చూళ్ళేదు.

అదే జనంలో ఇంకో పరీక్ష ఉంది, దాన్ని మీ డాబా మీద చేసుకోవచ్చు. కుడి చెయ్యి తల పైకి పూర్తిగా ఎత్తి, ఆ ఒక్క చేత్తోనే వెలుతురుని రెండు గుర్తులు పెంచి, ఫోటో తీయండి. సిరిమాను వెనకంతా తెల్లని ఆకాశమే కాబట్టి నిజంగానే అక్కడ ఇది కావాలి. పెంచకపోతే పూజారి ముఖం నల్లగా వస్తుంది. చెయ్యి పైకెత్తినప్పుడు కిందికి వంగే స్క్రీన్ ఉంటే ఏం తీస్తున్నారో కనిపిస్తుంది. మణికట్టు తాడు తప్పకుండా వేసుకోండి, గాజులుంటే తాడు గాజుల పైన బిగించండి.

టచ్ స్క్రీన్ మీద నాకు వ్యతిరేకత లేదు. ఎక్కడ ఫోకస్ పడాలో వేలితో తాకి చూపించడం బాణం బటన్లతో స్క్రీన్ మీది ఫోకస్ పెట్టెని జరపడం కన్నా వేగం. మామ్మ ముఖం కాదు, దవడ పట్టుకున్న వేళ్ళే కావాలంటే ఒక్క తాకుతో అయిపోతుంది. కానీ అన్ని పనులూ టచ్‌కే వదిలేసిన కెమెరా మన వైపు సరిపడదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఉక్కపోతలో వేలు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, దసరాకి వాన తుంపర పడుతుంటుంది. వేలు కొంచెం తడి చేసుకుని స్క్రీన్ తాకి చూడండి. ఒకచోట తాకితే ఇంకోచోట పెట్టె వెలిగితే మీకు జవాబు దొరికినట్టే. అలాగే కెమెరా కంటి దగ్గర పెట్టినప్పుడు మీ ముక్కు స్క్రీన్‌కి తగిలి ఫోకస్ ఎక్కడికో పోతోందా అని కూడా చూడాలి, వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ) ఉన్నవాటిలో ఇది తరచూ జరుగుతుంది. టచ్‌ని ఆపేసే వీలు మెనూలో ఉండాలి.

ఎండలో స్క్రీన్ కనిపించడం కూడా కంట్రోళ్ళ కిందే లెక్క వేస్తాను. కళింగపట్నం ఒడ్డున మిట్టమధ్యాహ్నం నిలబడితే చాలా స్క్రీన్లు అద్దంలా మన ముఖమే చూపిస్తాయి. అప్పుడు స్క్రీన్ మీది అంకెలతో చేసే పనులేవీ జరగవు. డయల్ మీద చెక్కిన అంకెలుంటే జరుగుతాయి. లేదంటే వ్యూఫైండర్ ఉండాలి. ఆర్ఎక్స్100లో మూడో మోడల్ నుంచి, అంటే 2014 నుంచి, పైకి లేచే చిన్న వ్యూఫైండర్ పెట్టారు. కొట్లో ఉంటే కెమెరా పట్టుకుని బయటికొచ్చి ఎండలో చూడనివ్వమని అడగండి. మంచి కొట్టువాళ్ళు కాదనరు.

జూమ్ లీవర్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. మెల్లగా తోస్తే మెల్లగా, గట్టిగా తోస్తే వేగంగా కదలాలి. చిన్నగా తాకినప్పుడు కొంచెమే జరగాలి. తేలినీలాపురంలో గూళ్ళ మీది పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగల కోసం 30, 40 రెట్ల జూమ్ ఉన్నవి తీసుకునేవాళ్ళు మాత్రం ఇంకోటి చూడాలి. అంత జూమ్‌లో పక్షి కాస్త కదిలితే తెరలోంచి మాయమవుతుంది, మళ్ళీ ఏ కొమ్మ మీద ఉందో దొరకదు. కానన్ ఎస్ఎక్స్740 లాంటి వాటిలో ఒక బటన్ నొక్కి పట్టుకుంటే జూమ్ వెనక్కి వచ్చి, వదలగానే మళ్ళీ పాత చోటికి వెళ్తుంది. అలాంటిది ఉంటే దాని చోటు వేలికి అందుతోందా చూడండి. జూమ్ పెంచేకొద్దీ లెన్సు వెలుతురు తగ్గిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. మొదటి ఆర్ఎక్స్100 వెడల్పు కోణంలో ఎఫ్/1.8, జూమ్ చివర ఎఫ్/4.9. జీ7 ఎక్స్ చివరిదాకా వెళ్ళినా ఎఫ్/2.8 దగ్గరే ఆగుతుంది. ఇంటి లోపల ముఖాలు తీసేవాళ్ళకి ఈ తేడా చాలా పెద్దది.

కదిలేవాటి సంగతి. తప్పెటగుళ్ళు చూసినవాళ్ళకి తెలుసు, గుండె మీద తప్పెట కట్టుకుని ఎగురుతూ తిరుగుతుంటే కాళ్ళు నేల మీద నిలిచే క్షణం ఉండదు. షట్టర్ 1/500కి తగ్గకూడదు. దీనికి ఎస్ మోడ్‌లోకి వెళ్ళి స్పీడు పెట్టుకోవచ్చు. లేదా ఆటో ఐఎస్ఓలో (వెలుతురుకి ఎంత స్పందించాలో కెమెరాయే చూసుకునే అమరికలో) ‘ఇంతకంటే స్పీడు తగ్గకు’ అని హద్దు పెట్టే వీలుంటే అది ఇంకా సుఖం. ఆ హద్దు మెనూలో ఉందో లేదో వెతకండి, పాత మోడళ్ళలో చాలా వాటికి ఉండదు. వరసగా తీసే బర్స్ట్ పెట్టి పది పదిహేను ఫోటోలు తీశాక, కార్డు మీదికి రాసుకునే ఆ కొద్దిసేపట్లో కంట్రోళ్ళు పనిచేస్తున్నాయా, బిగుసుకుపోయాయా చూడండి. సెకనుకి ఎన్ని ఫోటోలో అందరూ గొప్పగా చెబుతారు, ఆ తర్వాత ఎన్ని సెకన్లు చేతులు కట్టుకుని కూర్చోవాలో ఎవరూ చెప్పరు.

చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంటే ట్యూబులైటు కింద దాన్ని ఆన్ చేసి 1/500లో గోడని తీయండి. అడ్డంగా నలుపు చారలు పడొచ్చు. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి పాత చోకు ట్యూబులైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. 1/100కి తగ్గిస్తే చారలు పోతాయి. మామూలుగా కాంపాక్టుల్లో లెన్సులోనే ఉండే లీఫ్ షట్టర్ చప్పుడే చాలా తక్కువ, పక్కనున్నవాళ్ళకి కూడా వినిపించదు. పొందూరు ఇళ్ళలో నాకు అదే సరిపోతుంది. బీప్ శబ్దాలు మాత్రం మొదటిరోజే ఆపేయండి. వాటిని విన్న మామ్మ ‘ఏటమ్మా, ఇంకా తీస్తన్నావేటి?’ అని పని ఆపేస్తుంది.

కెమెరాని సంచిలో వేసి చూడడం నేను ఎప్పుడూ చేసే పని. ఆఫ్ చేసి, మామూలుగా మీరు వేసుకునే సంచిలో, పర్సు, తాళాలతో కలిపి వేసి, మెట్లెక్కి దిగి రండి. తీసి చూస్తే మోడ్ డయల్ ఉన్నచోటే ఉందా? ఎక్స్‌పోజర్ చక్రం జరిగిందా? పైన డయల్ ఉన్న కెమెరాలకి ఇదే ఒక్క చిక్కు, వదులుగా ఉంటే సంచిలో తిరిగిపోతాయి. తాళం బటన్ గానీ, గట్టి టిక్కు గానీ ఉండాలి. ఆన్ చేశాక పాత అమరికలు గుర్తున్నాయో లేదో కూడా చూడండి. మోడ్ డయల్ మీద రికోలో యూ1, యూ2, యూ3 అని, కానన్‌లో సీ అని, సోనీలో ఎంఆర్ అని ఉండేవి మన సొంత అమరికల్ని దాచుకోవడానికి. ఇంటి లోపలికి ఒకటి, జాతరకి ఒకటి పెట్టుకుంటే డయల్ ఒక్కసారి తిప్పితే చాలు. ఒకటి దాచి, ఆఫ్ చేసి, బ్యాటరీ తీసి పెట్టి, మళ్ళీ ఆన్ చేసి సరిచూసుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే పైవాటితో పాటు చక్రాల ఆరోగ్యం చూడాలి. మనది సముద్రం పక్క జిల్లా, ఉప్పు గాలికి లోపలి కాంటాక్టులు పాడవుతాయి. వెనక చక్రాన్ని నెమ్మదిగా పది టిక్కులు ఒకే వైపు తిప్పండి. అంకె పదిసార్లు మారాలి. మధ్యలో ఒకటి మింగేసినా, ముందుకి తిప్పుతుంటే ఒకసారి వెనక్కి దూకినా అది మెల్లగా పెరిగే జబ్బే. మోడ్ డయల్‌ని ఒక్కో చోటా ఆపి, స్క్రీన్ మీద అదే మోడ్ పేరు కనిపిస్తోందా చూడండి. షట్టర్ ఒకసారి నొక్కితే రెండు ఫోటోలు పడటం, సగం నొక్కుడు పనిచేయకపోవడం బటన్ అరిగిన గుర్తులు. జూమ్‌ని చివరిదాకా పంపి వెనక్కి రప్పిస్తూ చప్పుడు వినండి, మధ్యలో గరగరమని తడబడితే లెన్సులోకి ఇసక వెళ్ళి ఉంటుంది. బీచ్‌కి ఎక్కువ తీసుకెళ్ళిన కెమెరాలకి ఇది మామూలే. చిన్న కెమెరాల్లో లెన్సు బాగుచేయించే ఖర్చు దాని ధరకి దగ్గరగా వెళ్తుంది, కాబట్టి అలాంటిది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

అన్నీ నూటికి నూరు వచ్చే కెమెరా దొరకదు. దేనికి సర్దుకోవచ్చో చెబుతాను. ఫ్లాష్ లేకపోయినా, బర్స్ట్ నెమ్మదిగా ఉన్నా, వీడియో బటన్ ఇబ్బందిగా ఉన్నా నేను సర్దుకుంటాను. చాలా వాటిలో వీడియో బటన్‌ని మెనూలో నిద్రపుచ్చవచ్చు కూడా. రింగు జారుడుగా ఉన్నా సరే, దాన్ని ఫోకస్‌కి వాడుకుని అపర్చర్‌ని వెనక చక్రానికి ఇస్తాను. ఎక్స్‌పోజర్ మెనూలో దాక్కుని ఉంటే మాత్రం సర్దుకోను. సగం నొక్కుడు వేలికి తెలియకపోయినా అంతే.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పెట్టె, స్టిక్కర్లు, ప్లాస్టిక్ కవర్లు అలాగే దాచండి. స్క్రీన్ మీది పొర పీకకండి. వచ్చిన సాయంత్రమే బ్యాటరీ ఛార్జింగ్‌లో పెట్టి, ఆ రాత్రే ఒక్క బల్బు కింద స్టాప్‌వాచ్ పరీక్ష, మర్నాడు పొద్దున తెల్ల తువ్వాలు పరీక్ష, మధ్యాహ్నం డాబా మీద ఎండ పరీక్ష చేయండి. వాపసు గడువు చివరి రోజు దాకా ఆగితే కొరియర్ వాడు రాకపోవచ్చు.